ఒక్క అబద్ధం చుట్టూ

గాజు తొట్టిలో ఈదే చేప ఒక కుర్రాడికి వంట నేర్పుతుంది. కుండీలోని బోన్సాయ్ చెట్టు కూడా నోరు విప్పుతుంది. చేపకు గొంతు ఇచ్చింది నాని, చెట్టుకు రవితేజ. 2018 ఫిబ్రవరిలో విడుదలైన ‘అ!’ సినిమాలోని సంగతి ఇది. ప్రశాంత్ వర్మకు దర్శకుడిగా అదే తొలి సినిమా. కథంతా ఒక రెస్టారెంటులోనే. ఒక బల్ల దగ్గర కూతురు తను ప్రేమించింది ఇంకో అమ్మాయినని అమ్మానాన్నలకు చెబుతూ ఉంటుంది. వాచ్‌మన్ ఒకడు కాలయంత్రం తయారు చేసే పనిలో ఉంటాడు. తనంత ఇంద్రజాలికుడు లేడని విర్రవీగే పెద్దమనిషికి ఒక చిన్నపిల్ల చేతిలో గర్వభంగం అవుతూ ఉంటుంది.

పలమనేరులో మా ఇంట్లో ఈ సినిమా చూస్తున్నప్పుడు మా మామ కొంతసేపు ఓపిక పట్టాడు. చేప రెండోసారి మాట్లాడేసరికి ఇక ఆగలేక, “చేప మాట్లాడేదేందప్పా? దీనికో అర్థం పర్థం ఉండొద్దా?” అన్నాడు. మూలన గోడకానుకుని వక్కాకు నములుతున్న అవ్వ కొడుకు వైపు తిరిగింది. “ఏమిరా, జటాయువు మాట్లాడితే కండ్లనీళ్ళు పెట్టుకుంటివే, చేప మాట్లాడితే నమ్మవా?” అంది. మామ దగ్గర జవాబు లేదు. సినిమా చివరిదాకా చూశాడు. మధ్యలో నవ్వాడు కూడా.

వింత హాస్యం గురించి నేను చెప్పదలచుకున్నదంతా అవ్వ మాటలోనే ఉంది. మనిషికి నమ్మడం కష్టం కాదు. ఒక్క అసాధ్యాన్ని ఒప్పుకోమంటే సంతోషంగా ఒప్పుకుంటాడు. అయితే ఆ తర్వాత చుట్టూ ఉన్న లోకం మాత్రం పద్ధతి తప్పకూడదు. కథ ఒక్క అబద్ధం చుట్టూ అల్లుకోవాలి, ఆ అల్లికలోని పోగులన్నీ నిజమైనవై ఉండాలి. అలా కుదిరినప్పుడే వింత నవ్విస్తుంది. ఆ నవ్వు తర్వాతే, మనం రోజూ మామూలనుకుంటున్న వాటిలో ఎన్ని వింతలున్నాయో కంటికి ఆనుతాయి.

‘అ!’లోని ఆ కుర్రాడి పేరు నల. పాకశాస్త్రానికి పేరుపడ్డ మహారాజు పేరు పెట్టుకున్నాడు గానీ వంట రాదు, కావలసింది మాత్రం వంటవాడి ఉద్యోగమే. ప్రియదర్శి ఆ పాత్రను నవ్వించాలని చేయలేదు. ఉద్యోగం అవసరమైన మనిషి ఎంత బెదురుగా, ఎంత ఆశగా ఉంటాడో అంత బెదురుగా, అంత ఆశగా చేశాడు. పని తెలియకుండా పనిలో చేరిన మొదటి రోజు చెమటలు మనలో చాలామందికి పట్టినవే. ఆ క్షణంలో పక్కనుంచి ఎవరైనా చెబితే బాగుండునని అందరికీ ఉంటుంది. సినిమా ఆ ‘ఎవరైనా’ స్థానంలో చేపను పెట్టింది, అంతే. భయం నిజం, పొయ్యి నిజం, అవసరం నిజం, చేప ఒక్కటే అబద్ధం.

రాజమౌళి ‘ఈగ’ 2012లో వచ్చినప్పుడు జనం ఆదరించింది కూడా ఈ నిజాయితీనే అని నా నమ్మకం. చనిపోయిన ప్రేమికుడు నాని ఈగగా పుట్టాడన్న అబద్ధాన్ని మనం ఒప్పుకున్నాం. ఆ తర్వాత ఈగ ఈగగానే ఉంది. దానికి మాటలు రావు, మనిషి బలం రాదు. తనెవరో ప్రియురాలికి ఎలా చెప్పాలి? ఆమె ఏడుస్తుంటే బల్ల మీద పడ్డ కన్నీటితోనే తను నానినని రాస్తుంది. ఆమె చేసే వృత్తి సూక్ష్మకళ కాబట్టి అంత చిన్న ప్రాణికి కావలసిన పరికరాలు ఆమె చేతుల్లోనే తయారవుతాయి. విలన్‌గా వేసిన సుదీప్ ముందు చిత్రీకరణ వేళ ఈగ లేదు, ఉత్త గాలే. అయినా నిద్ర కరువైన మనిషి ఎలా చేతులు విసురుతాడో, ఎలా చిరాకు భయంగా మారుతుందో వెంట్రుకవాసి తేడా లేకుండా చేశాడు. హాలంతా పడీపడీ నవ్వింది. ఆ నవ్వులోనే, అంత డబ్బూ అధికారమూ ఉన్నవాడి బతుకు ఒక ఈగకు లొంగేటంత పలచనిదా అన్న ఎరుక కూడా ఉంది.

ఈ కిటుకు అన్ని దేశాల్లోనూ ఉంది. 1975లో ఇంగ్లండు హాస్యబృందం తీసిన ‘మాంటీ పైథాన్ అండ్ ది హోలీ గ్రెయిల్’లో ఆర్థర్ రాజు గుర్రం లేకుండానే స్వారీ చేస్తాడు. వెనక సేవకుడు రెండు కొబ్బరి చిప్పలు టకటకా కొడుతుంటే రాజు గంతులేస్తూ వస్తాడు. గుర్రాలకు డబ్బు చాలక చేసిన ఏర్పాటు అది. దాన్ని వాళ్ళు దాచిపెట్టలేదు. కోట మీది కాపలావాడు చిప్పలను చూసి, ఈ చలి దేశంలోకి కొబ్బరికాయ ఎలా వచ్చిందని రాజుతో వాదానికి దిగుతాడు. ఎంత పిట్ట ఎంత బరువు మోయగలదన్న దాకా సాగుతుంది ఆ తర్కం. గుర్రం సంగతి ఒక్క మాటలో తేలిపోతుంది, వాదమంతా కొబ్బరికాయ మీదే.

ఆ సన్నివేశం మా వైపు వాళ్ళకు కొత్తగా అనిపించదు. చిత్తూరు జిల్లా వీధినాటకంలో కిరీటం పెట్టుకున్న ధర్మరాజు ఆట స్థలం చుట్టూ ఒక్క చుట్టు తిరిగి అడవికి చేరానంటే, జనం అడవిలోనే కూర్చుంటారు. రథం అడిగినవాడు లేడు, గుర్రం అడిగినవాడు లేడు.

ద్రౌపదమ్మ గుళ్ళున్న మా పల్లెల్లో ఎండాకాలం పద్దెనిమిది రోజుల భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి నాటకం. అర్జునుడి తపస్సు రోజున వేషధారి ఎత్తైన మాను ఎక్కి పాడుతూ ఉంటే, బిడ్డలు కావాలని మొక్కుకున్న ఆడవాళ్ళు తడిబట్టలతో కింద వరం కోసం సాగిలపడతారు. చివరి రోజు మట్టితో చేసిన దుర్యోధనుడు మిట్ట మీద పొడుగునా పడుకుని ఉంటాడు. భీముడు గదతో తొడ విరుస్తాడు. అన్నిటికంటే నాకు ఇష్టమైంది బకాసుర వధ. భీముడు బండెక్కి ఊరంతా తిరుగుతాడు. ఇప్పుడు ఎద్దులబండికి బదులు ట్రాక్టరు. పసుపు, ఎరుపు రంగులు పూసుకున్న భీముడు ట్రాలీలో నిలబడి, ఇళ్ళవాళ్ళు ఇచ్చిన వడలు, అరటిపండ్లు, సంగటి ముద్దలు అందుకుని తింటూ, సగం పిల్లలకు విసురుతూ వస్తాడు. వెనక లారీ హారను కొడుతుంది. భీముడు తల తిప్పి గద చూపిస్తాడు. లారీ డ్రైవరు చేతులెత్తి దండం పెట్టి బండి నిదానిస్తాడు. అక్కడున్న ఎవరికీ అది వింత కాదు. లారీ ఒక యుగానిది, గద ఇంకో యుగానిది. రెండూ ఒకే తారు రోడ్డు మీద ఒకదానికొకటి దారి ఇచ్చుకుంటాయి. అలాంటి రోడ్డు మీద పెరిగినవాడికి తెర మీది చేపతో పేచీ ఎందుకుంటుంది?

తోలుబొమ్మలాటలోనూ అంతే. రామరావణ యుద్ధం రసకందాయంలో ఉండగా కేతిగాడు, బంగారక్క ఊడిపడతారు. వాళ్ళకూ లంకకూ సంబంధం లేదు. మొగుడూ పెళ్ళాల తగవు, ఊళ్ళో అప్పు, నిన్నటి వాన, ఏదైనా మాట్లాడతారు. జనం నవ్వి నవ్వి ఊపిరి తీసుకున్నాక మళ్ళీ బాణాలు. పెద్ద దుఃఖం వినడానికి ఓపిక కావాలని, ఆ ఓపికను నవ్వే ఇస్తుందని మన బొమ్మలాటగాళ్ళకు ఏ బడీ చెప్పకుండానే తెలుసు.

ఇక జాతర. తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మకు ఏటా జరిగే జాతరలో రోజుకో వేషం. ఆడబిడ్డలను చెరబట్టిన పాలెగాడు అమ్మకు భయపడి దాక్కున్నాడని, వాడి కోసం అమ్మ రకరకాల వేషాలు కట్టి వెతికిందని, దొర వేషం చూసి బయటికొచ్చిన వాణ్ణి సంహరించిందని కథ. అందుకే భక్తులు బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి వేషాలు కడతారు. మీసాలున్న మగవాళ్ళు పట్టుచీర కట్టి, జడ వేసి, పూలు ముడిచి, గాజులు తొడుక్కుని వీధుల్లో నడుస్తారు. ‘పుష్ప 2’లో అల్లు అర్జున్ చీరకట్టులో లోకమంతా చూసింది ఈ ఆనవాయితీనే. అక్కడ చీర కట్టిన మగవాణ్ణి చూసి ఎవరూ వెక్కిరించరు. ముఖానికి బొట్టు పెట్టుకుంటూ అద్దంలో చూసుకునే తండ్రిని, పక్కనే నిలబడి పిన్నులు అందించే కూతుర్ని చూశాను. చీర కుచ్చెళ్ళు నిలవక ఆయన అవస్థ పడుతుంటే ఆ పిల్ల మోకాళ్ళ మీద కూర్చుని సర్దింది. రోజూ ఆ పిల్ల అమ్మ ఎలా నడుస్తుందో ఆ పూట ఆయన కాళ్ళకు తెలిసి ఉంటుంది. లోకాన్ని ఒక వారం తలకిందులు చేసి చూడడం మా నేలకు మొక్కుబడి.

ఈ తలకిందులాటకు తెలుగు తెర మీద మహోన్నతమైన ఉదాహరణ ‘మాయాబజార్’. 1957 నాటి సినిమా. మాయా శశిరేఖగా సావిత్రి నటించిన చోట్లు గమనించండి. కథ ప్రకారం ఆ ఆడపిల్ల రూపంలో ఉన్నది ఘటోత్కచుడు, అంటే ఎస్వీ రంగారావు. ఎవరూ చూడనప్పుడు ఆమె భుజాలు వెడల్పవుతాయి, నడక బరువెక్కుతుంది, చూపులో రాక్షసుడి ధీమా తొంగిచూస్తుంది. ఎవరైనా రాగానే మళ్ళీ సిగ్గు, మళ్ళీ వాలుచూపు. పెళ్ళి పీటల మీద రేలంగి వేసిన లక్ష్మణకుమారుడి పాదం ఆ ‘సుకుమారి’ పాదం కింద నలుగుతుంటే ఆయన ముఖం చూడాలి. మార్చింది ఒక్కటే, లోపలి మనిషిని. పెళ్ళి తంతు, పెద్దల హడావుడి, వియ్యాలవారి డాబు అన్నీ అచ్చంగా మన పెళ్ళిళ్ళవే. అందుకే ఆడపిల్ల సిగ్గుపడితేనే పెళ్ళికూతురన్న మన లెక్క ఎంతవరకు వేషమో నవ్వుతూనే తెలిసిపోతుంది.

ఈవీవీ సత్యనారాయణ ‘జంబలకిడి పంబ’లో ఆ ఆటను ఊరంతటికీ విస్తరించారు. నరేష్, ఆమని నటించిన ఆ సినిమాలో ఒక మందు ప్రభావంతో మగవాళ్ళ తీరు ఆడవాళ్ళకు, ఆడవాళ్ళ తీరు మగవాళ్ళకు వచ్చేస్తుంది. మొగుడు వంటింట్లో, పెళ్ళాం వీధిలో. అందులో ఇవాళ్టి కంటికి మొరటుగా తోచే చోట్లున్నాయి. అయినా ఆ సినిమా గుర్తుండిపోవడానికి కారణం ఉంది. ఆడవాళ్ళు చేస్తే మనకు నవ్వు పుట్టించిన ఆ పనులన్నీ, కట్నం ఆరాలు, వీధి చివర ఈలలు, తాగొచ్చి చేసే గోల, మగవాళ్ళు రోజూ చేస్తున్నవే. చేసేవాళ్ళు మారేసరికి పని అసలు రంగు బయటపడింది. ఎంత ఉపన్యాసమిచ్చినా తలకెక్కనిది అలా ఎక్కుతుంది. హాల్లో ముందు నవ్వేది ఆడవాళ్ళు. ఆ నవ్వు ఆగాక కూడా మగవాళ్ళు కాసేపు ఆలోచనలో ఉంటారు.

చావును కూడా మనవాళ్ళు ఇలాగే పలకరించారు. ‘యమగోల’ 1977లో వచ్చింది, ఎమర్జెన్సీ ముగిసిన ఏడాదే. కైకాల సత్యనారాయణ యముడు, అల్లు రామలింగయ్య చిత్రగుప్తుడు. యమలోకం అచ్చం మన సర్కారు కచేరీలా ఉంటుంది. పద్దులుంటాయి, పొరపాట్లుంటాయి, పైవాడంటే భయముంటుంది. అక్కడికి చేరిన ఎన్టీ రామారావు కింకరులను కూడగట్టి హక్కులు అడిగిస్తాడు. నోరు మెదపడానికి జంకిన రోజులు అప్పుడే గడిచాయి. ఏకంగా యముడి ముందే నినాదాలు వినిపించేసరికి జనానికి ఎంత హాయి కలిగి ఉంటుందో ఊహించుకోవచ్చు. 1994లో ఎస్వీ కృష్ణారెడ్డి ‘యమలీల’లో యముడి భవిష్యవాణి పుస్తకం భూమ్మీద పడి ఆలీ చేతికి చిక్కుతుంది. అందులో అతను చదివేది తల్లికి ముంచుకొస్తున్న చావు సంగతి. పుస్తకం వెతుక్కుంటూ వచ్చిన యముడు, చిత్రగుప్తుడు వీధుల్లో తికమకపడుతుంటే నవ్వుతాం. కానీ ఆ నవ్వు కింద కన్నతల్లి పోతుందన్న భయం కదులుతూనే ఉంటుంది. ముఖాముఖి చూడలేనిదాన్ని చూడడానికి మనకు ఆ తికమక యముడే ధైర్యం ఇచ్చాడు.

‘అ!’ చివరికి తెలిసేది కూడా ఇలాంటిదే. ఆ రెస్టారెంటు, అందులోని మనుషులు, చేప, చెట్టు, కాలయంత్రం, అన్నీ కాజల్ పోషించిన కలి అనే ఒక యువతి మనసులోని ముక్కలు. గాయపడ్డ ఒక్క మనిషి అంతమందిగా చీలిపోయింది. అప్పుడు వెనక్కి తిరిగి చూస్తే చేప మాటలు మరోలా వినిపిస్తాయి. వేరే ఎవరి ఆసరా లేని మనసు తనకు తానే ఒక స్నేహితుణ్ణి కల్పించుకుంది. ఆమె కథను వరసగా, సూటిగా చెప్పి ఉంటే మనం జాలిపడి లేచిపోయేవాళ్ళం. ముందు నవ్వించింది కాబట్టి ఆ ముక్కలన్నిటితో స్నేహం కుదిరింది. స్నేహం కుదిరాకే ఆమె బాధ చెప్పింది. వింత హాస్యం మీద నాకున్న గౌరవమంతా ఇందుకే.

పలమనేరు లాంటి సరిహద్దు ఊరి మనిషికి ఈ రుచి తొందరగా పడుతుంది. ఇటు తమిళం, అటు కన్నడం, మధ్యలో మా తెలుగు. తమిళంలో వడివేలు వేసిన పిరికి రాజు ‘హింసించే 23వ రాజు పులికేశి’గా తెలుగులోకి రాకముందే మా వాళ్ళు తమిళంలో చూసి నవ్వుకున్నారు. ఊరి పక్కన 1990లో ఏర్పడిన కౌండిన్య అభయారణ్యం ఉంది. పగలు బస్టాండులో బెంగళూరు బస్సు కోసం నిలబడిన రైతు రాత్రి చేలో ఏనుగును తరమడానికి డబ్బా మోగిస్తాడు. 2025లో ఆ ఏనుగులను అదుపు చేయడానికి కర్ణాటక నుంచి కుంకీ ఏనుగులు వచ్చాయి. వాటిలో ఒకటి కృష్ణ, ఒకటి అభిమన్యు. మిట్ట మీద భారతంలో విన్న పేర్లు అడవి అంచున తొండాలూపుతూ నిలబడ్డాయి. ఎవరో కల్పించి రాస్తే అతిశయోక్తి అనుకునే సంగతులు మాకు పంచాయతీ వార్తలు.

అసాధ్యాలే అక్కర్లేదని కూడా మా పక్క నేలే చూపించింది. ముళబాగిలు వైపు సరిహద్దు పల్లెలో తీసిన ‘సినిమా బండి’ 2021లో వచ్చింది. ప్రవీణ్ కండ్రేగుల దర్శకుడు. ఆటో నడిపే వీరబాబుకు ఎవరో మరిచిపోయిన కెమెరా దొరుకుతుంది. ఊళ్ళో సినిమా తీద్దామంటాడు. పెళ్ళి ఫొటోలు తీసే గణపతి కెమెరామన్, క్షౌరం చేసే మరిడేష్ హీరో, కూరగాయలమ్మే మంగ హీరోయిన్. వాళ్ళ యాస మా యాసే. అందులో చేపలు మాట్లాడవు, యముడు దిగిరాడు. ఆటో స్టాండులోకి కెమెరా వచ్చిపడడమే అక్కడి వింత. మంగ అమ్మే కూరగాయల బేరం, వీరబాబు అప్పు, పిల్లల అల్లరి అన్నీ ఉన్నవున్నట్టు ఉంటాయి. ఆ నియమమే ఇక్కడా పనిచేసింది.

ఈ నియమం తప్పిన సినిమాలే నీరుగారిపోతాయి. ఏదైనా జరగొచ్చు అనుకున్న చోట ఏది జరిగినా ఒకటే. చేప మాట్లాడింది, తర్వాత కుర్చీ మాట్లాడింది, తర్వాత గోడ ఎగిరింది అంటే చూసేవాడికి పట్టు దొరకదు. నటుడు తను చేస్తున్నది తమాషా అని కన్నుగీటినా అంతే సంగతి. వడగండ్ల వాన కురిసినప్పుడు రైతు ఎంత గంభీరంగా ఆకాశం చూస్తాడో, చేపను అడిగి ఉప్పు వేసే వంటవాడు అంత గంభీరంగా ఉప్పు వేయాలి. రాసేవాడు, తీసేవాడు, వేసేవాడు ముగ్గురూ తమ అబద్ధాన్ని మనసారా నమ్మాలి. ఇది పిచ్చి రాతలు రాయడంకంటే చాలా కష్టం. వాస్తవ కథకైతే లోకం అండ ఉంటుంది, వింత కథ తన లోకాన్ని తానే మోసుకుని రావాలి.

చూసేవాళ్ళకూ ఒక పని ఉంది. ఇలాంటి సినిమా మొదలైన కాసేపటిదాకా హాలు తటపటాయిస్తుంది. నవ్వాలో వద్దో తెలియదు. ఎక్కడో ఒకరు ముందు నవ్వుతారు. ఆ ఒక్క నవ్వుతో మిగతావాళ్ళకు అనుమతి దొరుకుతుంది. ఫోనులో ఒంటరిగా చూస్తే ఆ అనుమతి ఇచ్చేవాళ్ళు ఉండరు, వేలు తొందరపడి వేరే వీడియోకు జరిగిపోతుంది. అందుకే ఇలాంటివి నలుగురితో కలిసి చూడమంటాను. ఇంట్లో అవ్వ ఉంటే ఆమెను తప్పక కూర్చోబెట్టుకోవాలి. పిల్లలనూ పిలవాలి. “ఇది జరిగే పనేనా” అని వాళ్ళ ఆసక్తి మీద నీళ్ళు చల్లకుండా, ఇందులో మారింది ఏమిటి, మారకుండా ఉన్నది ఏమిటి అని అడగాలి. పిల్లలు టక్కున చెబుతారు. ఆ మారనివాటి జాబితాలోనే మన ఇల్లు, మన ఊరు, మన ఆఫీసు, మన పెళ్ళిళ్ళు అన్నీ ఉంటాయి.

ఏడాదికి వచ్చే వందల సినిమాల్లో ఇలాంటి సాహసం చేసేవి చాలా కొద్ది. డబ్బు పెట్టేవాడు భయపడతాడు, జనానికి అర్థం కాదేమోనంటాడు. జనానికి అర్థమవుతుంది. రాత్రంతా మేలుకుని కేతిగాడి మాటలకు నవ్వి, తెల్లవారుజామున రావణుడి చావు చూసి ఇంటికెళ్ళిన జనమిది. నవ్వునూ దుఃఖాన్నీ ఒకే చాప మీద కూర్చుని అందుకోవడం వాళ్ళకు తెలుసు. ధైర్యం చేయవలసింది తీసేవాళ్ళే. ఒక్క అబద్ధం నిజాయితీగా చెప్పమనండి. మిగతాది మేం నమ్ముకుంటాం.